పలక రేకా, వంపు రేకా?

నెల్లూరు ఆటోనగర్‌లో మా బావ లారీ బాడీలు కడతాడు. మొన్న ఫోన్లో హ్యావ్ బ్లూ, టాసిట్ బ్లూ అనే రెండు అమెరికా స్టెల్త్ (రాడార్‌కు సులువుగా చిక్కని) విమానాల బొమ్మలు చూపిస్తే, హ్యావ్ బ్లూ మీద వేలు పెట్టి, "ఇది మన షెడ్డులోనే చేసెయ్యొచ్చు బామ్మర్దీ, అంతా పలక రేకే గదా" అన్నాడు.

ఆ మాటలో కొంత నిజముంది. వంపు తిరిగిన రేకు మీద పడ్డ రాడార్ తరంగం ఎటు చెదురుతుందో లెక్కగట్టే సత్తా 1970ల కంప్యూటర్లకు లేదు. అందుకే లాక్‌హీడ్ కంపెనీ వాళ్లు హ్యావ్ బ్లూను పలకలు పలకలుగా కూర్చి 1977 డిసెంబర్ 1న ఎగరేశారు. కంప్యూటర్ పట్టి ఉంచకపోతే అది గాల్లో నిలవదు. ఒక పరీక్షలో మూడు స్క్రూలు సరిగా బిగించలేదు. పైకి లేచిన ఆ తలలే రాడార్ తెర మీద వెలిగిపోయాయి. "స్క్రూ తలకాయకే అంత గోలా!" అని బావ నోరెళ్లబెట్టాడు. హ్యావ్ బ్లూలు చేసినవి రెండే. 1978లో ఒకటి, 1979లో ఒకటి కూలాయి. పైలట్లు బతికారు.

నార్త్రప్ కంపెనీ వాళ్ల టాసిట్ బ్లూ 1982 ఫిబ్రవరిలో ఎగిరింది. ఒళ్లంతా నున్నటి వంపులు, మైపాడు ఒడ్డున బోర్లించిన పడవలాగా. ముద్దుపేరు తిమింగలం. 135 సార్లు ఎగిరి, ఇప్పుడు ఒహాయోలో మ్యూజియంలో ఉంది.

పలకల దారిలో ఎఫ్-117 యుద్ధవిమానం వచ్చింది, వంపుల దారిలో బి-2 బాంబర్. నా ఓటు టాసిట్ బ్లూకే, అందానికి కాదు, క్షేమంగా తిరిగొచ్చినందుకు. బావ ఒప్పుకోడు: "వంపు రేకు కొట్టేవాడి కూలి నువ్విస్తావా?"