వానలోనూ చూసే యాంటెనా, వాన పట్టిన కేబుల్: జీఎన్‌ఎస్‌ఎస్ స్థిర కేంద్రంపై దీర్ఘకాల వినియోగ సమీక్ష

రాతి నేలలోకి దిగిన కాంక్రీటు స్తంభం, దానిపై నేల నుంచి తిరిగొచ్చే సంకేతాలను అణిచే లోహపు వలయాలున్న చోక్ రింగ్ యాంటెనా, పక్క గదిలో జీఎన్‌ఎస్‌ఎస్ (జీపీఎస్ వంటి ఉపగ్రహ స్థాన నిర్ణయ వ్యవస్థల) రిసీవర్. ఈ అమరికను ఏళ్ల తరబడి నడుపుతున్నాను. ఛానెళ్లు, మెమరీ, విద్యుత్ వినియోగం వంటి వివరాలు తయారీదారు ఇచ్చే పత్రంలోనే ఉంటాయి కనుక వాటి జోలికి పోను. నన్ను కట్టిపడేసిన గుణం ఒక్కటే. ఆకాశం ఎంత మూసుకుపోయినా, ఎంత కుండపోత కురుస్తున్నా, పైనున్న గాలిలో నీటి ఆవిరి ఎంత ఉందో ఇది చెబుతూనే ఉంటుంది.

సముద్రమట్టం వద్ద, నడినెత్తిన ఉన్న ఉపగ్రహం నుంచి దిగే సంకేతానికి గాలి వల్ల కలిగే ఆలస్యం దూరంలో చెబితే సుమారు 2.4 మీటర్లు. అందులో సింహభాగాన్ని, అంటే దాదాపు 2.3 మీటర్లను, కేంద్రం వద్ద పీడనం సరిగా కొలిస్తే లెక్కగట్టి తీసేయవచ్చు. మిగిలేది ఆవిరి వాటా. పొడి రోజుల్లో అది కొద్ది సెంటీమీటర్లే, ఉక్కపోత రోజుల్లో 30 సెంటీమీటర్లు దాటుతుంది. దాన్ని దాదాపు 6.5తో భాగిస్తే, పైనున్న ఆవిరంతా నీరుగా మారితే ఎంత మందం ఉంటుందో తెలుస్తుంది. 1992లో మైకేల్ బెవిస్ బృందం ప్రతిపాదించిన ఈ పద్ధతి, స్థాన నిర్ణయంలో అడ్డుగా భావించి తీసిపారేసేదాన్నే కొలతగా మార్చింది. వాతావరణ బెలూన్లు మామూలుగా రోజుకు రెండుసార్లే ఎగురుతాయి. ఇక్కడ ఐదు నిమిషాలకొక విలువ దొరుకుతుంది. పెద్ద వానకు ముందు ఆ విలువల గీత నిటారుగా లేవడం ఇప్పటికీ పని మానుకుని చూస్తాను.

భూపటలం కదలికలను కొలిచే విషయానికి వస్తే, అడ్డ దిశల్లో (తూర్పు-పడమర, ఉత్తర-దక్షిణ) దీనికి వంక పెట్టలేను. కొన్నేళ్ల కొలతలు పోగుపడితే, కేంద్రం ఉన్న భూపలక ఏడాదికి ఎంత జరుగుతోందో మిల్లీమీటరులోపు తేడాతో చెప్పవచ్చు. 2011 మార్చి 11 నాటి భూకంపంలో జపాన్‌లోని ఓషికా కేంద్రం 5 మీటర్లకు పైగా జరిగి, ఒక మీటరుకు పైగా కుంగిన సంగతిని నమోదు చేసింది ఇలాంటి పరికరాలే. ఎత్తు మాత్రం వేరే కథ. ఉపగ్రహాలన్నీ పైనే ఉంటాయి కాబట్టి లెక్కలో దొర్లిన తేడాను తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు రిసీవర్ గడియారం, ఎత్తు, ఆవిరి పంచుకుంటాయి. వాటిని విడదీసేది దిగంతానికి దగ్గరగా ఉన్న ఉపగ్రహాలే.

ఆ ఉపగ్రహాలే ఒక వానాకాలంలో చేజారాయి. కేంద్రం ఎత్తు నెమ్మదిగా తగ్గడం మొదలైనప్పుడు అది సహజంగానే కనిపించింది. నేలలోనూ జలాశయాల్లోనూ చేరిన నీటి బరువుకు భూపటలం కుంగి, ఎండాకాలంలో తేరుకోవడం తెలిసిన విషయమే. అయితే చుట్టుపక్కల కేంద్రాలేవీ అంతగా దిగలేదు. పైగా ఆవిరి గీత వాన పడుతున్న గంటల్లోనే అతుకుల బొంతలా తయారైంది. సంకేత బలాన్ని ఉపగ్రహం ఉన్న కోణాన్నిబట్టి గీసి చూస్తే, దిగంతం నుంచి 15 డిగ్రీల ఎత్తుకు కింద, ఉపగ్రహాలు ఒకటికి మించిన పౌనఃపున్యాల్లో పంపే సంకేతాల్లో రెండోది దాదాపు మాయమైంది. వాన వెలిసిన రెండు రోజులకు కొంత తిరిగి వచ్చేది, మళ్లీ వానకు పోయేది.

యాంటెనా కింద కనెక్టర్ విప్పగానే చుక్క నీరు వేలి మీద పడింది. మధ్య పిన్నుకు పచ్చగా చిలుము పట్టి ఉంది, కేబుల్ లోపలి రాగి అల్లిక నల్లబడింది. అమర్చిన సంస్థవారు నీరు చొరని రబ్బరు టేపు చుట్టాల్సిన చోట మామూలు ఇన్సులేషన్ టేపుతో సరిపెట్టారు. ఇంత జరుగుతున్నా రిసీవర్ ఒక్క హెచ్చరికా ఇవ్వకపోవడం నాకు మింగుడుపడని సంగతి. కేబుల్‌లో కలిగే ఆలస్యం అన్ని ఉపగ్రహాలకూ ఒకటే కనుక గడియారపు లెక్కలో కలిసిపోతుంది, కాబట్టి అటు నుంచీ ఏ జాడా దొరకదు. కేబుల్ మార్చాక, అంతా బాగున్న నెలల డేటాను కూడా కావాలని 15 డిగ్రీల దగ్గర కోసేసి మళ్లీ లెక్కించాను. కేంద్రం ఇంచుమించు అంతే కుంగినట్టు వచ్చింది. ఆ రుతువు ఎత్తులను నేను ఇప్పటికీ ఎవరికీ ఇవ్వను.

కాబట్టి కుండపోతలోనూ పనిచేస్తుందని పైన రాసినది ఆకాశం నుంచి యాంటెనా దాకా వచ్చే సంకేతానికే వర్తిస్తుందని గ్రహించాలి. ఈ పౌనఃపున్యాలను వాన అడ్డుకోదు, అతుకులను మాత్రం వదలదు.

కొనవచ్చా అని అడిగితే, నా పరిస్థితిలో మళ్లీ ఇదే కొంటాను. రాతి పునాది ఉంది, కరెంటు పోదు, స్తంభం దగ్గరకు ఎప్పుడైనా వెళ్లగలను. ఉపగ్రహాల కచ్చితమైన తుది కక్ష్యల లెక్కల కోసం రెండు వారాలు ఆగినా నా పనికి ఇబ్బంది లేదు. వెంటనే వాన అంచనాకు పంపాల్సినవారు అంచనా కక్ష్యలతో సర్దుకోవాలి, వారి అనుభవం ఇంత సాఫీగా ఉండకపోవచ్చు. మనుషులు అరుదుగా వెళ్లే కొండ మీద పెట్టేవారైతే రిసీవర్ ధరను బేరమాడే ముందు కేబుల్, కనెక్టర్లు, వాటిని చుట్టే టేపు ఏమిటో రాతపూర్వకంగా అడిగి తీసుకోవడం మంచిది.