2.2 మీటర్ల 50 సీసీ ఏఆర్‌ఎఫ్ కిట్: చెక్క పని భేష్, సామాన్ల సంచి మాత్రం పక్కన పెట్టండి

ఇది రేడియోతో నడిపే మోడల్ విమానం. ఏఆర్‌ఎఫ్ (ఆల్మోస్ట్ రెడీ టు ఫ్లై) అంటే చాలావరకు కట్టేసి వచ్చే కిట్, మిగతాది మనం బిగించుకోవాలి. రెక్కల పొడవు 2.2 మీటర్లు, ఇంజన్ 50 నుంచి 60 సీసీ పెట్రోల్, ఎగరడానికి సిద్ధమయ్యేసరికి బరువు సుమారు 7.5 కిలోలు. ఈ కిట్‌లో డబ్బుకు విలువ దక్కేది చెక్క పనిలోనే. లేజర్‌తో కోసిన ప్లైవుడ్, బాల్సా (తేలికైన చెక్క) ముక్కలు సందు లేకుండా కూర్చున్నాయి. రెక్కల కార్బన్ ట్యూబు చేతి ఒత్తిడితో దిగుతుంది, ఎక్కడా లూజు లేదు. రెక్కల కొసల నుంచి తోక చివరికి దారం పట్టి కొలిస్తే రెండు వైపులా తేడా 2 మిల్లీమీటర్లలోపే. పైన అంటించిన ప్లాస్టిక్ ఫిల్మ్ అక్కడక్కడా ముడతలు పడింది. ఇస్త్రీపెట్టెను తక్కువ వేడిలో పెట్టి ముందు అతుకులు అంటించి, ఆ తర్వాతే మధ్య భాగం బిగించాలి. వరస తిప్పితే అతుకులు లాక్కుపోతాయి.

అసలు లోపం ఫైర్‌వాల్ (ఇంజన్ బిగించే ముందు పలక) దగ్గర ఉంది. జిగురు చాలా తక్కువ. ఒంటి సిలిండర్ ఇంజన్ అదురు మొత్తం పడేది ఆ పలక మీదే. లోపలి మూలల్లో త్రికోణపు గట్టి చెక్క ముక్కలు పెట్టి, 30 నిమిషాల ఎపాక్సీతో (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు) అతికించండి. ముందు వైపంతా పలుచగా ఎపాక్సీ పూస్తే పెట్రోలు చెక్కలోకి ఇంకదు. ఇంజన్ బోల్టులకు వాషర్లు, నీలం థ్రెడ్‌లాక్ (బోల్టు ఊడకుండా మరలకు పూసే జిగురు) తప్పనిసరి.

కిట్‌తో వచ్చిన స్క్రూలు మెత్తనివి, రెండోసారి విప్పేసరికి తలలు అరిగిపోతాయి. లింకేజీ సామాను (రెక్క, తోక పలకలకు కదలికను అందించే కడ్డీలు, ముక్కలు) కూడా ఈ బరువుకు చాలదు. మెటల్ గేర్ సర్వోలు (పలకలను కదిపే చిన్న మోటార్లు) కొనండి: ఐలరాన్‌కు (రెక్క వెనక అంచున కదిలే పలక), ఎలివేటర్‌కు (తోక అడ్డ పలక) ఒక్కో వైపు కనీసం 20 కేజీ-సెంటీమీటర్ల బలం, రడ్డర్‌కు (తోక నిలువు పలక) 30. అల్యూమినియం ఆర్మ్‌లు (సర్వో మీది చేతులు), రెండు చివర్లా బాల్ లింకులు వాడాలి. సర్వో మధ్యస్థానంలో ఉన్నప్పుడు ఆర్మ్, పుష్‌రాడ్ (తోసే కడ్డీ) 90 డిగ్రీల్లో కలవాలి, హార్న్ (పలక మీది పిడి) రంధ్రం హింజ్ (పలకను పట్టే కీలు) గీతకు సూటిగా ఉండాలి. పొడవాటి ఆర్మ్ పెట్టి, కదలిక ఎక్కువైందని చేతిలోని రేడియోలో 50 శాతానికి కోసేస్తే సర్వో బలమూ, సూక్ష్మతా రెండూ పోతాయి. లింకేజీలో లూజు ఉంటే వేగంలో ఐలరాన్ కొట్టుకోవడం మొదలై రెక్కనే చీల్చగలదు.

హింజ్‌లు అతికించేముందు వాటి కీలు మీద కొంచెం వాసలిన్ రాస్తే ఎపాక్సీ అందులోకి దూరి బిగుసుకోదు.

ట్యాంకుతో ఇచ్చిన గొట్టం సిలికాన్‌ది. పెట్రోలుకు అది ఉబ్బి మెత్తబడి ఊడిపోతుంది. టైగాన్ అనే ప్లాస్టిక్ గొట్టం, పెట్రోలుకు తట్టుకునే రబ్బరు బిరడా వేయండి. ట్యాంకును ఎటు వంచినా క్లంక్ (లోపలి గొట్టం చివరి బరువు) స్వేచ్ఛగా జారాలి. కౌలింగ్‌లో (ఇంజన్ పై కప్పు) వేడిగాలి బయటికి వెళ్ళే దారి, లోపలికి వచ్చే దారికి రెండింతలైనా ఉండాలి. ఇక్కడ సరిపడా లేదు, కింద కోసి పెంచాల్సిందే.

ఇగ్నిషన్‌కు వేరే బ్యాటరీ, రిసీవర్‌కు (రేడియో సిగ్నల్ అందుకునే పెట్టె) రెండు బ్యాటరీలు, రెండు స్విచ్‌లు పెట్టండి. రిసీవర్ ఇగ్నిషన్‌కు కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. థ్రాటిల్ రాడ్ లోహం కాకుండా నైలాన్‌ది వేస్తే ఇంజన్ నుంచి విద్యుత్ అలజడి సర్వో దాకా పాకదు.

మాన్యువల్‌లో చూపిన 45 డిగ్రీల కదలికలు విన్యాసాలకు. మొదటి రోజు ఐలరాన్‌కు 12 నుంచి 15 డిగ్రీలు చాలు. బరువు కేంద్రం రెక్క ట్యూబు మీదికి రావాలి, అది ఖాళీ ట్యాంకుతోనే చూడాలి. తోక బరువైతే సీసం కట్టకుండా ఇగ్నిషన్ బ్యాటరీని ఇంజన్ పెట్టె మీదికి జరపండి, చాలావరకు అంతటితో సరిపోతుంది.

రేంజ్ పరీక్ష (సిగ్నల్ ఎంత దూరం అందుతుందో చూడటం) ఇంజన్ ఆపి ఒకసారి, నడుస్తుండగా ఒకసారి చేయండి. ఫెయిల్‌సేఫ్‌లో (సిగ్నల్ తెగినప్పుడు) థ్రాటిల్ పూర్తిగా తగ్గాలి. ఇంజన్ నడిచినప్పుడే సర్వోలు వణికితే ఎగరేయకండి. ముందు స్పార్క్ ప్లగ్ క్యాప్ గట్టిగా కూర్చుందో లేదో చూడండి.