అగ్గి తెగులుకు ఏది మేలు: ట్రైసైక్లజోలా, ఐసోప్రోథయోలేనా, విత్తనం మార్చడమా?

సాంబ మసూరి వరి వేసిన రైతుకు అక్టోబరు, నవంబరు వచ్చాయంటే టెన్షన్ మొదలు. రాత్రి చలి, తెల్లారేసరికి ఆకుల నిండా మంచు. అగ్గి తెగులుకు ఇంకేం కావాలి? అంచు గోధుమ రంగులో, నడుమ బూడిద రంగులో నూలుకండె ఆకారపు మచ్చలు కనపడగానే మందుల షాపుకు పరుగు. అక్కడ ఎక్కువగా వినిపించే పేర్లు రెండు: ట్రైసైక్లజోల్, ఐసోప్రోథయోలేన్.

రెండూ ఒకే తెగులుకు వాడేవే గానీ పనిచేసే తీరు వేరు. అగ్గి తెగులు తెచ్చేది ఒక బూజు (శిలీంధ్రం). అది ఆకు మీద పడ్డాక నల్లటి బుడిపె కట్టుకుంటుంది. అందులో ఒత్తిడి పెంచుకుని ఆకు పైపొరను పొడుచుకుని లోపలికి దిగుతుంది. ఆ నలుపే తయారు కాకుండా చేస్తుంది ట్రైసైక్లజోల్. నలుపు లేకపోతే బుడిపెకు బలం ఉండదు, ఆకులోకి దూరలేదు. అయితే అప్పటికే లోపలికి పోయిన బూజును అది పెద్దగా ఏమీ చేయలేదు. ఐసోప్రోథయోలేన్ ఆకులోకి ఇంకి, లోపల పెరిగేదాన్ని కూడా అడ్డుకుంటుంది.

అందుకే మచ్చలు రాకముందు, వాతావరణం తెగులుకు అనువుగా మారినప్పుడు ట్రైసైక్లజోల్ 75 శాతం పొడి, లీటరుకు 0.6 గ్రాములు. ఎకరాకు 200 లీటర్ల నీళ్లు అనుకుంటే 120 గ్రాములు. మచ్చలు కనపడ్డాక అయితే నా ఓటు ఐసోప్రోథయోలేన్‌కే, లీటరుకు 1.5 మి.లీ. మెడ విరుపు, అంటే తెగులు వెన్ను మెడకు పాకడం, వచ్చాక మాత్రం రెండూ దండగే. మెడ నల్లబడిన వెన్ను తాలుపోవాల్సిందే. వెన్నులు అక్కడొకటి ఇక్కడొకటి తొంగిచూస్తుండగానే పిచికారీ అయిపోవాలి.

ఎగుమతికి బాస్మతి పండించే రైతుల లెక్క వేరు. 2018 నుంచి యూరప్‌లో బాస్మతికి ట్రైసైక్లజోల్ అవశేషాల పరిమితి కిలోకు 1 మిల్లీగ్రాము నుంచి 0.01కి పడిపోయింది.

ఇంతకీ ఈ ఖర్చంతా సాంబ మీద మోజుతోనే కదా! నెల్లూరు రకం ఎన్‌ఎల్ఆర్ 34449, తెలంగాణ సోనాగా పేరుపడ్డ ఆర్‌ఎన్‌ఆర్ 15048 అగ్గి తెగులును బాగా తట్టుకుంటాయి. రెండోది సన్న రకమే, సుమారు 125 రోజుల్లో కోతకొస్తుంది. మూడింటిలో నేను ముందు పెట్టేది విత్తనం మార్చడాన్నే. బూజు రూపం మార్చుకుంటే ఏ రకమైనా లొంగవచ్చు, నిజమే. అయినా ఈ ఏటి ఖర్చు తగ్గుతుంది. 'మెరుగుపరిచిన సాంబ మసూరి' పేరు చూసి మాత్రం మోసపోకండి. అది తట్టుకునేది బాక్టీరియా ఎండాకు తెగులును, అగ్గి తెగులును కాదు.

ఏ దారి పట్టినా, మచ్చలు కనపడితే యూరియా ఆపండి, తెగులు అదుపులోకి వచ్చాకే వేయండి. మడి ఆరనివ్వకండి.