నాలుగున్నరకు ఊదించే యంత్రం: ఎనిమిది నెలల వాడకం

ఒడిశాలోని రాయగడలో మాకు రెండు బొలేరోలున్నాయి. పెళ్లివాళ్లను, ఆసుపత్రికి వెళ్లేవాళ్లను కూనేరు మీదుగా పార్వతీపురం, విజయనగరం చేరుస్తాం. ఎనిమిది నెలల క్రితం 6,800 రూపాయలు పెట్టి అరచేతిలో పట్టే బ్రీత్ అనలైజర్, అంటే ఊదితే ఒంట్లో మద్యం ఎంతుందో చూపే యంత్రం కొన్నాను.

కొనడానికి కారణం మా పాత డ్రైవరు. ఆంధ్ర వైపు తాగి నడుపుతూ తనిఖీలో దొరికాడు. కోర్టు వేసిన 10,000 రూపాయల జరిమానా నేనే కట్టాను. అసలు దెబ్బ లైసెన్సు మీద పడింది. మద్యం మత్తులో బండి నడిపినట్టు 185వ సెక్షన్ కింద రుజువైతే, కనీసం ఆరు నెలలు అనర్హుడని కోర్టు ఉత్తర్వు ఇవ్వాల్సిందే. "లైసెన్సు ఒడిశాది కదా పిన్నీ, ఇక్కడైనా నడుపుకోనా?" అని అడిగాడు. కుదరదు, చట్టం దేశమంతటికీ ఒకటే. ఆ గడువులో స్టీరింగ్ పడితే అతనికి మూడు నెలల వరకు జైలు పడవచ్చు. తెలిసీ బండి ఇచ్చినందుకు నా మీదా కేసు. రెండోసారి తాగి నడుపుతూ దొరికితే రెండేళ్ల వరకు జైలు, లేదా 15,000 జరిమానా, లేదా రెండూ. ఇద్దరు పిల్లల తండ్రి ఆరు నెలలు ఇటుకలు మోశాడు. చూస్తుంటే నా కడుపు తరుక్కుపోయింది.

కొనేవాళ్లు ప్రధానంగా మద్యానికే స్పందించే ఫ్యూయల్ సెల్ సెన్సర్ ఉన్నదే కొనండి. చవక రకాలు వేరే ఆవిర్లకు కూడా అంకె చూపిస్తాయి. చట్టం గీసిన గీత 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. తెరమీద అది 0.030.

ఒక తెల్లవారుజామున సింహాచలం ప్రయాణం. నాలుగున్నరకు రెండో డ్రైవరు తలస్నానం చేసి, నుదుట విభూతితో వచ్చాడు. కళ్లు తేటగా ఉన్నాయి, నోట వాసన లేదు. జీలుగు కల్లు, ఆపైన రెండు పెగ్గులు తాగి రాత్రి పదకొండింటికే ఆపేశానన్నాడు. కూత వినబడేదాకా ఊదాడు. 0.038. నోరు కడిగించి పావుగంట ఆగి మళ్లీ ఊదిస్తే 0.034. ఇంకో మనిషిని పంపాను. ఆరింటికి ఈ రెండో డ్రైవరుది 0.016కి దిగింది. 100 మిల్లీలీటర్ల రక్తంలో మద్యం గంటకు సుమారు 15 మిల్లీగ్రాములే తగ్గుతుంది. కాఫీకీ చన్నీళ్లకూ అది తొందరపడదు. నిద్రపోయి లేస్తే దిగిపోయిందనుకునే డ్రైవర్లు ఎందరో! ఆ ఒక్క ఉదయంతోనే నా డబ్బు నాకు వచ్చేసినట్టు.

లోపాలూ ఉన్నాయి. ఊదే గొట్టాలు పదే ఇచ్చారు, మనిషికొకటి కావాలి కాబట్టి విడిగా కొనాలి. ఏడాదికోసారి సెన్సర్ సరిచూడటం ఉచితమని అమ్మిన అతను చెప్పాడు, ఇప్పుడు డబ్బు అడుగుతున్నాడు. యంత్రాన్ని విశాఖ పంపాలి, అన్నాళ్లూ చేతిలో ఉండదు. ఇందులో తక్కువ వచ్చిందని పోలీసులకు చూపించినా పనికిరాదు, వాళ్ల పరికరమే లెక్క. అందుకే 0.030 లోపు ఉన్నా నేను తాళం ఇవ్వను. సున్నా కనబడాలి.

పాత డ్రైవరు గడువు ముగిశాక తిరిగి వచ్చాడు. తన గొట్టం చొక్కా జేబులోనే ఉంచుకుంటాడు, నేను అడగకముందే తీసి ఊదుతాడు.