జర్నల్ పేపర్ రిఫరెన్సులకు జొటెరో ఎంతవరకు పనికొస్తుంది?

రిఫరెన్సులను సేకరించి దాచుకుని, జాబితాగా తయారుచేసే సాఫ్ట్‌వేర్ జొటెరో. కామా ఎక్కడ, ఇటాలిక్ ఎక్కడ, సంవత్సరానికి బ్రాకెట్ ఉండాలా వద్దా అన్న పని జొటెరోకి వదిలేయొచ్చు. అందులో దీనికి వంక పెట్టలేం. అయితే రికార్డులో, అంటే ఒక్కో పేపర్ గురించి అందులో దాచిన వివరాల్లో, తప్పు ఉంటే ఆ తప్పునే చక్కగా ముస్తాబు చేసి జాబితాలో కూర్చోబెడుతుంది. వాడి విసిగిపోయినవాళ్ల ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడి నుంచే పుడతాయి.

ఇది ఉచితం, ఓపెన్ సోర్స్. 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీలో మొదలైంది. ఇదే పని చేసే ఎండ్‌నోట్‌కి డబ్బు కట్టాలి. అలాంటిదే ఇంకోటి, మెండలే, ఉచితమే గానీ 2013 నుంచి ఎల్సెవియర్ అనే ప్రచురణ సంస్థ చేతిలో ఉంది. దాని పాత డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ డౌన్‌లోడ్‌ను 2022 సెప్టెంబరులో ఆపేశారు. లైబ్రరీని ఏళ్ల తరబడి దాచుకోవాలనుకునే పీహెచ్‌డీ విద్యార్థికి జొటెరో వైపు మొగ్గడానికి ఆ ఒక్క కారణం చాలు.

అసలు బలం స్టైల్, అంటే జర్నల్ కోరే రిఫరెన్సు పద్ధతి, మార్చడంలో ఉంది. వర్డ్‌లో జొటెరో ట్యాబ్ తెరిచి, డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్‌లో స్టైల్ ఎంచుకుంటే పేపర్‌లోని సైటేషన్లు (వాక్యాల్లో రిఫరెన్సును సూచించే గుర్తులు), చివరి జాబితా మొత్తం తిరగరాసుకుంటాయి. ఒక జర్నల్ తిరస్కరించిన పేపర్‌ని ఇంకో జర్నల్‌కి పంపేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. వాంకూవర్ అనే స్టైల్‌లో మొదటి ఆరుగురు రచయితల పేర్లు ఇచ్చి తర్వాత ఎట్ ఆల్ (తదితరులు) పెట్టాలి. ఏపీఏ స్టైల్ ఏడో ఎడిషన్‌లో ఇరవై మంది దాకా అందరి పేర్లూ రాయాలి. ఇరవై దాటితే మొదటి 19 మంది, మూడు చుక్కలు, చివరి రచయిత. ఇలాంటి లెక్కలు చేత్తో వేసుకోవడం శుద్ధ దండగ. స్టైల్ ఫైళ్లు వేలల్లో ఉన్నాయి కాబట్టి మీ జర్నల్ పేరుతోనే వెతకండి. దొరికినా, ఆ జర్నల్ ఈమధ్య వేసిన పేపర్ ఒకటి పక్కన పెట్టుకుని నాలుగైదు రిఫరెన్సులు పోల్చి చూడండి. జర్నల్ నియమాలు మార్చినా స్టైల్ ఫైలు మారకపోయి ఉండొచ్చు.

ఇక రికార్డుల సంగతి. మంత్రదండం బొమ్మ నొక్కి డీఓఐ (పేపర్‌కి ఉండే శాశ్వత గుర్తింపు సంఖ్య) గానీ, వైద్య పేపర్ల డేటాబేస్ పబ్‌మెడ్‌లోని నంబరు గానీ, పుస్తకాల ఐఎస్‌బీఎన్ గానీ ఇస్తే వివరాలన్నీ వాటంతటవే వస్తాయి. పేజీల కొద్దీ గూగుల్ స్కాలర్ నుంచి ఒకేసారి లాగడం కంటే ఇదే మేలు, అక్కడి వివరాలు తరచూ అసంపూర్తిగా ఉంటాయి. డీఓఐ ఇచ్చినా ప్రచురణకర్త, డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్‌కి ఏది పంపితే అదే వస్తుంది: మొత్తం పెద్దక్షరాల్లో శీర్షిక, ఇష్యూ నంబరు లేని రికార్డు, ఒక రచయిత తగ్గిన జాబితా. పేపర్ ఆన్‌లైన్‌లో ముందుగా వచ్చినప్పుడు దించుకున్న రికార్డుకి వాల్యూమ్, పేజీలు ఉండవు. అచ్చులో వచ్చాక అది తనంతట తాను అప్‌డేట్ కాదు. సమర్పించే ముందు అలాంటివి వెతికి నింపాల్సింది మీరే.

శీర్షికలు సెంటెన్స్ కేస్‌లోనే (మొదటి మాట, విశేష నామాలు మాత్రమే పెద్దక్షరంతో) దాచుకోండి. షికాగో, ఎంఎల్ఏ లాంటి స్టైళ్లకి కావలసిన పెద్దక్షరాలు జొటెరో తానే పెట్టగలదు. తిరుగు దారి నమ్మదగ్గది కాదు, ఏది ఊరి పేరో ఏది మామూలు మాటో దానికి తెలియదు. శీర్షిక మీద రైట్ క్లిక్ చేస్తే ట్రాన్స్‌ఫార్మ్ టెక్స్ట్ అనే మెనూ వస్తుంది. అందులో సెంటెన్స్ కేస్ నొక్కాక గోదావరి, తెలంగాణ చిన్నక్షరాలతో మొదలవుతున్నాయేమో కంటితో చూసుకోవాలి. జీవజాతుల శాస్త్రీయ నామాలకి ముందూ వెనకా హెచ్‌టీఎంఎల్ ఐ ట్యాగులు పెడితే జాబితాలో ఇటాలిక్ వస్తుంది. రోమన్ లిపిలో రాసిన తెలుగు శీర్షికలకు లాంగ్వేజ్ గడిలో టి, ఇ అనే రెండక్షరాల కోడ్ వేయండి, ఇంగ్లిష్ పద్ధతి పెద్దక్షరాలు అంటుకోవు.

పేర్ల దగ్గర మనవాళ్లకి ప్రత్యేకమైన చిక్కు ఉంది. కె. వెంకటేశ్వర రావు అన్న పేరుని ఒక డేటాబేస్ రావు ఇంటిపేరుగా, ఇంకోటి వెంకటేశ్వర రావు మొత్తం ఇంటిపేరుగా పంపుతుంది. ఒకే మనిషి జాబితాలో ఇద్దరవుతాడు, అక్షర క్రమంలో ఒకరు ఆర్ దగ్గర, ఇంకొకరు వి దగ్గర తేలతారు. అచ్చయిన పేపర్‌లో ఎలా ఉందో చూసి, అన్ని రికార్డుల్లో ఒకే తీరుగా ఉంచండి. ఏపీఏలో వాక్యం మధ్యలో ఉన్నట్టుండి పొడి అక్షరాలు ప్రత్యక్షమైతే కారణం సాధారణంగా ఇదే: ఒకచోట పూర్తి పేరు, ఇంకోచోట పొడి అక్షరం ఉండేసరికి ఇద్దరు వేర్వేరు రచయితలనుకుని విడదీసి చూపిస్తోంది. సంస్థల పేర్లకి ఇంటిపేరు, పేరు అని రెండు గడులు కాకుండా ఒకే గడి వాడాలి. లేకపోతే ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ‘రీసెర్చ్’ ఇంటిపేరై, మిగతాది పొడి అక్షరాలుగా మారిపోతుంది.

వర్డ్‌లో గుర్తుంచుకోవలసినవి కొన్నే. సైటేషన్‌ని చేత్తో దిద్దకండి. తర్వాతి రిఫ్రెష్‌లో మీరు దిద్దింది పోతుంది, లేదా ఆ సైటేషన్ ఇక అప్‌డేట్ కావడం మానేస్తుంది. పేజీ నంబరు, ‘చూడండి’ లాంటి ముందుమాట, రచయిత పేరు తీసేయడం, అన్నీ సైటేషన్ బుడగ మీద నొక్కితే వచ్చే గడుల్లోనే ఇవ్వాలి. ఒకే పేపర్‌కి రెండు నంబర్లు పడ్డాయా? లైబ్రరీలో అది రెండుసార్లు ఉంది. డూప్లికేట్ ఐటమ్స్‌లో మెర్జ్ చేయండి. ఒకదాన్ని డిలీట్ చేస్తే డాక్యుమెంట్‌తో దాని లంకె తెగుతుంది. జర్నల్ పేర్ల సంక్షిప్త రూపాలు తేడాగా వస్తుంటే డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్‌లో మెడ్‌లైన్ సంక్షిప్తాల టిక్కు చూడండి. టిక్కు ఉంటే జొటెరో తన సొంత జాబితా వాడుతుంది, తీసేస్తే మీరు జర్నల్ ఆబ్రివియేషన్ గడిలో రాసింది వాడుతుంది.

గూగుల్ డాక్స్‌లో రాసి వర్డ్‌లోకి దించుకునేవాళ్లు నేరుగా డౌన్‌లోడ్ చేయకూడదు, సైటేషన్లు చచ్చిపోతాయి. వేరే వర్డ్ ప్రాసెసర్‌కి మారే ఆప్షన్ డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్‌లోనే ఉంది. గైడ్‌కి చూపించడానికి గూగుల్ డాక్స్ హాయిగా ఉంటుంది గానీ, రెండు వందల రిఫరెన్సులున్న పేపర్‌కి వర్డో లిబ్రే ఆఫీసో నయం.

ఉపసంహరించిన పేపర్లని రిట్రాక్షన్ వాచ్ అనే డేటాబేస్ సమాచారంతో సరిపోల్చి ఎర్ర గుర్తుతో హెచ్చరించడం 2019 నుంచి ఉంది. సమీక్ష వ్యాసాలు రాసేవాళ్లకి ఇదొక్కటే సాఫ్ట్‌వేర్ పెట్టుకోవడానికి సరిపడా లాభం. ఉచిత నిల్వ 300 ఎంబీ మాత్రమే, పీడీఎఫ్‌లు పెడితే త్వరగా నిండుతుంది. 2 జీబీకి ఏడాదికి 20 డాలర్లు. రిఫరెన్సుల సమాచారానికి ఈ హద్దు లేదు కాబట్టి ఫైల్ సింక్ ఆపేసి సమాచారం మాత్రం సింక్ చేసుకుంటే పైసా ఖర్చు ఉండదు. లేటెక్‌లో రాసేవాళ్లు బెటర్ బిబ్‌టెక్ అనే ప్లగిన్ కలుపుకోవాలి.

మొదటి సమర్పణకి ఎల్సెవియర్ జర్నళ్లలో చాలా వాటికి ఏ స్టైలైనా సరిపోతుంది, తీరుగా ఉంటే చాలు. ఆమోదం దాకా స్టైల్ గురించి తల బద్దలు కొట్టుకోకండి. చివరి ప్రతి పంపేటప్పుడు ముందు ఫైలుకి కాపీ తీసి, ఆ కాపీలో మాత్రమే అన్‌లింక్ సైటేషన్స్ నొక్కండి. అది నొక్కాక సైటేషన్లన్నీ మామూలు టెక్స్ట్ అయిపోతాయి. రివ్యూయర్ ఇంకో మూడు పేపర్లు చేర్చమంటే అసలు ఫైలు మీ దగ్గర ఉండి తీరాలి.