మేడ మీద కూరగాయలు: 2020 నుంచి విజయనగరంలో వాడి చూసిన కుండీలు, సంచులు, మట్టి

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ముందే ఒక మాట చెప్పేస్తాను. చిన్న కుండీలు ఇరవై కొనకండి, పెద్ద సంచులు ఆరు కొనండి. 2020 లాక్‌డౌన్‌లో మొదలైన మా మేడ తోటలో ఏది పండింది, ఏది ఎండింది అని చూసుకుంటే ఎక్కువసార్లు తేడా అక్కడే వచ్చింది. విత్తనం, ఎరువు, మందు అన్నీ దాని తర్వాతే.

మాది విజయనగరం. మేడ మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండే. ఇక్కడ చెప్పేదంతా మన ఉత్తరాంధ్ర ఎండకి, ఉక్కకి, తుపాను గాలికి సరిపోయేది. బెంగుళూరు వాళ్ళ వీడియో చూసి అదే నెలలో అదే విత్తనం ఇక్కడ వేస్తే కుదరదు. వాళ్ళకి ఏప్రిల్‌లో కూడా రాత్రుళ్ళు చల్లబడతాయి, మనకి పడవు.

ముందు సంచుల సంగతి. ఆన్‌లైన్‌లో కిట్ పేరుతో వచ్చే పల్చటి నల్ల ప్లాస్టిక్ సంచులు రెండో ఎండాకాలం దాటవు. అంచు మడిచిన చోట ముందు తెల్లగా గీత పడుతుంది. తర్వాత వేలితో పట్టుకుంటే పెంకులుగా ఊడి వచ్చేస్తుంది. ఆ ముక్కలు మట్టిలో కలిసిపోతే ఏరడం పెద్ద పని. పైగా కిట్‌లో ఇచ్చే సంచులు తొమ్మిది అంగుళాలవి, వాటిలో వేయమని ఇచ్చే విత్తనాలేమో టమాటా, వంగ, కాప్సికమ్. నాకు అమ్మినవాళ్ళు సంచి సైజుకీ మొక్కకీ పొత్తు చూడలేదు. డబ్బు పెట్టదగ్గ వస్తువు కాదు.

వీటి బదులు ఆకుపచ్చ రంగులో అల్లికలా ఉండే మందపాటి హెచ్‌డీపీఈ (గట్టి రకం ప్లాస్టిక్) సంచులు తీసుకోండి. 240 జీఎస్ఎం (చదరపు మీటరుకి 240 గ్రాముల బరువు) గానీ అంతకన్నా మందం గానీ ఉండాలి. 2021లో కొన్నవి కొన్ని ఇంకా వాడుతున్నాను. వీటిలో ముందు పోయేది సంచి కాదు, పిడి కుట్టిన దారం. సంచి గట్టిగానే ఉంటుంది, పిడి మాత్రం చేతికి వచ్చేస్తుంది. అందుకని మట్టి నింపాక పిడి పట్టుకుని ఎత్తొద్దు, కింద చెయ్యి పెట్టి ఇద్దరు జరపాలి. నాలుగో ఏడాదికి పై అంచున పోగులు లేస్తాయి, వాటిని కత్తెరతో కత్తిరిస్తే చాలు. కొనేటప్పుడు నీళ్ళు పోయే కంతలు ఉన్నాయా, వాటికి రింగులు ఉన్నాయా చూసుకోండి. అడుగున మాత్రమే కాకుండా అడుగుకి అంగుళం పైన పక్కల కూడా కంతలు ఉన్నవి మేలు. ఎందుకో వర్షాల దగ్గర చెప్తాను.

సైజు విషయంలో నా లెక్క ఇది. 15 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తు సంచిలో ఒక వంగ మొక్క గానీ, ఒక టమాటా గానీ, రెండు మిరప మొక్కలు గానీ హాయిగా పెరుగుతాయి. 12 అంగుళాల సంచిలో రెండు బెండ మొక్కలు పెట్టొచ్చు. ఆనప, బీర లాంటి తీగలకి 18 అంగుళాలకి తగ్గితే పిందె పడుతుంది కానీ ఊరదు. మా పెద్దమ్మ బొబ్బిలి వైపు పల్లె నుంచి వచ్చినప్పుడు ఎనిమిది అంగుళాల మట్టి కుండీలో వంగ మొక్క చూసి, "ఏటే, ఈ సిన్న కుండీలో ఏరు ఎటెల్తాది?" అంది. ఆ మొక్కని పీకి చూస్తే వేళ్ళు కుండీ గోడ చుట్టూ తిరిగి తిరిగి చాపలా అల్లుకుపోయి ఉన్నాయి, మధ్యలో మట్టి గుప్పెడు కూడా మిగల్లేదు. అలాంటి మొక్కకి పొద్దున్న ఎన్ని నీళ్ళు పోసినా మధ్యాహ్నానికి ఆకులు వేలాడేస్తుంది. నీళ్ళు చాలలేదని మళ్ళీ పోస్తాం, అది కుళ్ళుతుంది.

బరువు మాత్రం మర్చిపోవద్దు. 15 అంగుళాల సంచి నింపి తడిపితే నలభై కిలోలు దాటొచ్చు. వరసగా శ్లాబు మధ్యలో పెట్టకుండా కింద గోడ ఉన్న చోట, బీము వెళ్ళే చోట పెట్టుకోవాలి. ప్రతి సంచి కింద రెండు ఇటుకలు ఉంటే కంతలు మూసుకుపోవు, శ్లాబు ఎప్పుడూ తడిగా ఉండిపోదు. పాత ఇళ్ళవాళ్ళు ముందు మేస్త్రీకి ఒకసారి చూపించుకోవడం మంచిది.

మట్టి కుండీలంటే నాకు ఇష్టమే. వేరుకి గాలి తగులుతుంది, చల్లగా ఉంటుంది. కానీ మేడ మీద ఎండకి ఊరికే ఆరిపోతాయి. బోరు నీళ్ళు వాడితే బయట తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. కొత్తిమీర, మెంతి, పుదీనాకి నీడ పట్టున వాడండి. వాడేసిన ఇరవై లీటర్ల పెయింటు బకెట్లు దొరికితే వదలొద్దు. బాగా కడిగి అడుగున కంతలు పెడితే మిరపకి వాటిని మించినవి లేవు, నాలుగేళ్ళు వస్తాయి. జూట్ మిల్లులున్న ఊరు కదా అని గోనె సంచుల్లో కూడా వేసి చూశాను. కంద దుంపకి ఒక్క పంట వరకు బాగుంది, దుంప తీసేటప్పుడు సంచి చింపేస్తే సరిపోయింది. రెండో పంటకి మాత్రం ఆగవు, వానాకాలంలో అడుగు చివికిపోతుంది.

అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ తినిపించినవి చేపల మార్కెట్‌లో వాడి పక్కన పెట్టే థర్మోకోల్ పెట్టెలు. ఉప్పు, వాసన పోయేలా కడిగి రెండు రోజులు ఎండబెట్టి, అడుగున చాకుతో కంతలు చేసి తోటకూర, గోంగూర, చుక్కకూర చల్లాను. థర్మోకోల్ లోపలికి వేడి వెళ్ళనివ్వదు కాబట్టి మే నెలలో కూడా వేరు మాడదు. తోటకూర చల్లిన నెల తిరక్కుండానే కోతకి వస్తుంది. గోంగూరని పీకకుండా తుంచితే పక్క కొమ్మలు వేసి నెలల తరబడి ఇస్తూనే ఉంటుంది. మొదటిసారి పెట్టేవాళ్ళు వీటితోనే మొదలుపెట్టండి. మొదటి నెలలోనే పప్పులోకి ఇంటి ఆకు వస్తే మిగతా వాటి కోసం ఆగే ఓపిక వస్తుంది.

ఇప్పుడు మట్టి. మన ఎర్రమట్టి ఒట్టిది పోస్తే నాలుగు తడులకే గట్టిపడి, నీళ్ళు పైన నిలిచి పక్కలనుంచి జారిపోతాయి. నాకు కుదిరిన పాళ్ళు: రెండు వంతులు ఎర్రమట్టి, ఒక వంతు బాగా మాగిన పశువుల ఎరువు గానీ వర్మీకంపోస్టు గానీ, ఒక వంతు కొబ్బరి పొట్టు. సంచికి రెండు గుప్పెళ్ళు వేపపిండి. పచ్చి పేడ మాత్రం వద్దు, వేరుపురుగులు వచ్చేది దానితోనే.

కొబ్బరి పొట్టు, అదే కోకోపీట్, దిమ్మలుగా దొరుకుతుంది. ఐదు కిలోల దిమ్మ నానితే పెద్ద టబ్బు నిండిపోతుంది. పక్కనే ఉద్దానం కొబ్బరి ఉన్న మనకి ఇది దొరకడం కష్టం కాదు. అయితే దాంట్లో సహజంగానే ఉప్పు ఉంటుంది. కడగని రకం నేరుగా కలిపితే ఆకుల అంచులు మాడతాయి. నానబెట్టి, పిండి, డికాక్షన్ రంగులో వచ్చే నీళ్ళు పల్చబడేదాకా రెండు మూడుసార్లు మార్చాలి. ఇది ఎండాకాలంలో ఎంత మేలు చేస్తుందో వానాకాలంలో అంత కీడు చేస్తుంది. తన బరువుకి ఎన్నో రెట్లు నీళ్ళు పట్టుకునే వస్తువు వరసగా నాలుగు రోజులు వాన పడితే ఆరనే ఆరదు. జూన్‌లో నింపే సంచులకి నేను పొట్టు సగానికి తగ్గించి, ఆ మేరకు ఇసక కలుపుతాను.

మన దగ్గర అసలు పరీక్ష సెప్టెంబరు, అక్టోబరు నెలలే. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరులో, తిత్లీ 2018 అక్టోబరులో వచ్చాయి. నేను తోట పెట్టాక చూసింది గులాబ్, 2021 సెప్టెంబరు 26 రాత్రి కళింగపట్నం వైపు తీరం దాటింది. గాలి కన్నా ఆ వానే ఎక్కువ నష్టం చేసింది. అడుగున మాత్రమే కంతలున్న సంచుల్లో అవి బురదతో మూసుకుపోయి నీళ్ళు నిలిచాయి, వంగ మొక్కలు నిలబడి ఉండగానే వాడిపోయాయి. పక్కన కూడా కంతలున్నవి బతికాయి. అప్పటినుంచి తుపాను హెచ్చరిక రాగానే చేసే పని ఒకటే. ఎండ కాయకుండా మొక్కల పైన కట్టే గ్రీన్ నెట్ విప్పేస్తాను, ఎందుకంటే గాలికి అది తెరచాపలా ఉబ్బి కర్రలతో సహా లాక్కుపోతుంది. ఎత్తు మొక్కల్ని పిట్టగోడ మూలకి జరిపి ఒకదానికొకటి ఆనించి తాడు కడతాను. కంతల్లో ఇనప చువ్వ పెట్టి ఒకసారి కదుపుతాను.

పంటల్లో వంగ, మిరప నమ్మకమైనవి. వంగ కాపు తగ్గాక కొమ్మలు కత్తిరించి ఎరువు వేస్తే మళ్ళీ చిగురించి ఇంకో విడత కాస్తుంది. కొమ్మ చివర వాడి వంగిపోయిందంటే లోపల పురుగు ఉన్నట్టు. ఆ చివరని పురుగుతో సహా తుంచి మేడ దింపేయాలి, మందు కన్నా అదే నయం. బెండ నలభై ఐదు, యాభై రోజులకే కాపుకి వస్తుంది. కానీ రెండు మొక్కలు పెడితే ఎప్పుడూ నాలుగు కాయలే, వాటితో కూర కాదు. నలుగురున్న ఇంటికి పది మొక్కలైనా ఉండాలి, రోజు విడిచి రోజు కొయ్యకపోతే ముదిరిపోతాయి.

ఆనప గురించి అందరూ అడిగేది పిందె పసుపుపచ్చగా మారి ఎందుకు రాలిపోతుందని. ఆ తెల్లపువ్వు సాయంత్రం విచ్చుతుంది, ఆ వేళకి తేనెటీగలు ఉండవు. మేడ మీదకి చిమ్మెట రావాలి, రాకపోతే మనమే ఆ పని చెయ్యాలి. సన్నటి పొడుగు కాడకి ఉన్నది మగపువ్వు, కింద బుల్లి ఆనపకాయ ఉన్నది ఆడపువ్వు. దీపాలు పెట్టే వేళకి మగపువ్వు తుంచి, రేకులు విరిచేసి, లోపలి పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయాలి. నాలుగు రోజుల్లో పిందె నిగనిగలాడుతూ కిందికి వాలిందంటే నిలిచినట్టే. బీరకి కూడా సాయంత్రమే. కాకర మాత్రం పొద్దున్న.

టమాటా మీద పెద్ద ఆశలు పెట్టుకుని మొదలుపెట్టేవాళ్ళే ఎక్కువ. సెప్టెంబరులో నారు పోసి, వానలు తగ్గుముఖం పట్టాక నాటితే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అద్భుతంగా కాస్తుంది. మార్చి దాటాక పగలు ముప్పై ఐదు డిగ్రీలు దాటుతూ రాత్రి కూడా ఉక్కగా ఉంటే పూత వచ్చినట్టే వచ్చి రాలిపోతుంది. ఎరువు వేసినా, మందు కొట్టినా నిలవదు. 2023 జులైలో కిలో టమాటా వంద రూపాయలు దాటేసి, ప్రభుత్వం రైతుబజార్లలో యాభైకి అమ్మించినప్పుడు మా మేడ మీద కూడా ఒక్క పండు లేదు. రైతు పొలంలో కాయనప్పుడు మన సంచిలోనూ కాయదు. ధర మండినప్పుడు ఇంట్లో పండుతుందన్న లెక్కతో టమాటా పెట్టొద్దు, శీతాకాలం పచ్చడికీ చారుకీ అని పెట్టుకోండి. రకాల్లో అర్క రక్షక్ నాకు నచ్చింది. బెంగుళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ తెచ్చిన హైబ్రిడ్ అది. ఆకుముడత వైరస్, వడలు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకునేలా తయారుచేశారు. హైబ్రిడ్ కాబట్టి దాని పండు గింజలు దాచి మళ్ళీ వెయ్యొద్దు, అదే గుణం రాదు.

పురుగులకి నేను వాడేది వేపనూనె, లీటరు నీళ్ళకి ఐదు మిల్లీలీటర్లు, అందులో కాస్త సబ్బు ద్రావణం. సాయంత్రం పూట ఆకు అడుగున పడేలా కొట్టాలి. పేనుబంకకి, తెల్లదోమకి పని చేస్తుంది. పిండినల్లి ముదిరితే దీనితో పోదు, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడగాల్సిందే. ఎగిరే పురుగులు వచ్చి అంటుకుపోయే పసుపు జిగురు అట్టలు చవకైనవీ, కొనదగ్గవీ.

ఎండాకాలం నీళ్ళ సంగతి ఊరు వెళ్ళేవాళ్ళు ఆలోచించుకోవాలి. రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయంటారు, ఆ రోజుల్లో పెద్ద సంచికి కూడా రెండు పూటలా కావాలి. సంచి పైన ఎండుటాకులు రెండు అంగుళాలు పరిస్తే ఒక పూట తగ్గుతుంది. వారం రోజులు ఇంటికి తాళం వేసి వెళ్ళే అలవాటున్నవాళ్ళు ఏప్రిల్, మే నెలల్లో సంచులు ఖాళీగా ఉంచుకోవడం నయం.

ఆ ఖాళీ నెలల్లో చేయాల్సిన పని ఒకటుంది. పాత మట్టిని పారబొయ్యకండి. సంచి దించి, పాత వేళ్ళు ఏరేసి, మట్టిని శ్లాబు మీద పల్చగా పరిచి, తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు కప్పి అంచుల మీద ఇటుకలు పెట్టి నెల రోజులు వదిలేస్తాను. ఆ వేడికి మట్టిలోని తెగుళ్ళు, పురుగు గుడ్లు చాలావరకు చస్తాయి. తర్వాత మూడో వంతు కొత్త ఎరువు కలిపి నింపుతాను. టమాటా, వంగ, మిరప మూడూ ఒకే కుటుంబం, ఒకదాని వడలు తెగులు ఇంకోదానికి అంటుకుంటుంది. అందుకని ఈ ఏడు టమాటా దింపిన సంచుల్లో అలసంద, గోరుచిక్కుడు వేస్తున్నాను, వంగ నారు మాత్రం నిరుడు బెండ పెరిగిన సంచుల్లోకి వెళ్తోంది.