తెరిచిన తలుపా, తెలిసినవాళ్ల పిలుపా? చిన్న చర్చా గ్రూపుకు ఏది మేలు

పాతికమందో నలభైమందో ఉన్న ఆన్‌లైన్ గ్రూపు కొన్నాళ్లు బాగా నడిచాక ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "ఇంత మంచి చర్చ జరుగుతోంది కదా, లింక్ బయట పెట్టేస్తే నలుగురికీ ఉపయోగపడుతుంది కదా?" అడిగినవాళ్ల ఉద్దేశం మంచిదే. కాదనడానికి నోరు రాదు. ఔనంటే మాత్రం ఆ గ్రూపు ఇక పాత గ్రూపులా ఉండదు.

నేను అలాంటి ఒక గ్రూపుకు అడ్మిన్‌ని. మతిమరుపు జబ్బు వచ్చిన పెద్దవాళ్లను ఇంట్లో చూసుకుంటున్నవాళ్లు అందులో మాట్లాడుకుంటారు. కాబట్టి ఎటూ మొగ్గకుండా రాస్తున్నానని చెప్పను. మనిషిని పరిచయం చేసుకుని చేర్చుకుంటూ నెమ్మదిగా పెరగడమే మేలని నా అభిప్రాయం. అయితే రెండో పక్షం వాదన కొట్టిపారేసేది కాదు. ముందు అదే చెబుతాను.

లింక్ అందరికీ తెరిచి ఉంచితే కలిగే పెద్ద లాభం, ఎవరి పరిచయమూ లేనివాళ్లకు కూడా చోటు దొరకడం. అర్ధరాత్రి నిద్రపట్టక, అడగడానికి చుట్టూ ఎవరూ లేక, ఫోన్‌లో వెతుక్కుంటున్న మనిషికి పిలుపు మీద నడిచే గ్రూపు అసలు కనబడదు. పైగా పిలిచేవాళ్లు తమలాంటివాళ్లనే పిలుస్తారు. అదే చదువు, అదే రకం ఉద్యోగం, అదే మాటతీరు. కొన్నాళ్లకు అందరూ ఒకే పాట పాడుతుంటారు, అదే సరైన మాట అని నమ్ముతుంటారు. వెయ్యిమంది ఉన్నచోట ఏదైనా మందు పడక ఇబ్బందిపడ్డవాళ్లు ఒక్కరైనా ఉంటారు. ముప్ఫైమందిలో ఉండకపోవచ్చు. సాఫ్ట్‌వేర్ సమస్యలు, పోటీ పరీక్షల సిలబస్, మొక్కల పెంపకం లాంటి విషయాలకైతే నేను రెండో ఆలోచన లేకుండా లింక్ బయట పెట్టమంటాను. అక్కడ దాచుకోవాల్సింది ఏమీ లేదు, ఎంత మంది చేరితే అంత తెలివి.

సొంత ఇంటి సంగతులు మాట్లాడుకునే చోట లెక్క మారిపోతుంది. గ్రూపులో వాళ్ల మాటలు ఇక్కడ పెట్టడం తగదు కాబట్టి ఊహించి ఒక ఉదాహరణ రాస్తున్నాను. ఒకావిడ రాత్రి పూట ఇలా రాస్తుంది: "అమ్మ ఇవాళ నన్ను గుర్తుపట్టలేదు. అన్నం పెడితే చెయ్యి తోసేసింది. కోపమొచ్చి గట్టిగా అరిచాను. తర్వాత బాత్‌రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను." చిన్న గ్రూపులో కాసేపట్లోనే ఇద్దరు ముగ్గురు జవాబిస్తారు, తాము అరిచిన రోజుల గురించి చెప్పుకుంటారు. అదే గ్రూపులోకి లింక్ పట్టుకుని ముక్కూ మొహం తెలియనివాళ్లు ఒక్కసారిగా వచ్చి చేరారనుకోండి. ఆవిడ అవే నాలుగు వాక్యాలు రాసి పంపుతుంది. ఎందుకో ఒకసారి సభ్యుల జాబితా చూస్తుంది. పేరు లేని నంబర్లు, ఫొటో లేని ముఖాలు. వెంటనే మెసేజ్ తీసేస్తుంది. డిలీట్ చేసినట్టు చూపించే బూడిదరంగు అక్షరాలే అక్కడ మిగులుతాయి. మర్నాటి నుంచి "మంచి డాక్టర్ ఎవరైనా ఉంటే చెప్పండి" లాంటివే అడుగుతుంది.

ఎవరూ ఆవిడను ఒక్క మాట అనలేదు. గొడవ జరగలేదు, రూల్స్ ఎవరూ దాటలేదు. అందుకే ఈ నష్టం అడ్మిన్ కంటికి కూడా ఆనదు. సభ్యుల సంఖ్య పెరుగుతోంది, మెసేజ్‌లూ పెరుగుతున్నాయి, అంతా బాగున్నట్టే ఉంటుంది.

ఈ చిక్కు నిన్న మొన్నటిది కాదు. యూజ్‌నెట్ అనే చర్చావేదికలు 1980లో మొదలయ్యాయి. ఏటా సెప్టెంబరులో విశ్వవిద్యాలయాల్లో చేరిన కొత్త విద్యార్థులు వాటిలోకి వచ్చి కొంత హడావుడి చేసేవాళ్లు, క్రమంగా పాతవాళ్లను చూసి సర్దుకునేవాళ్లు. 1993, 94 ప్రాంతంలో అమెరికా ఆన్‌లైన్ లాంటి ఇంటర్నెట్ సంస్థలు తమ ఖాతాదారులకు యూజ్‌నెట్ తెరిచాక కొత్తవాళ్ల రాక ఇక ఆగలేదు. అందుకే 1993 సెప్టెంబరును పాతవాళ్లు 'ఎప్పటికీ ముగియని సెప్టెంబర్' అన్నారు. వచ్చినవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. నేర్పేవాళ్లకన్నా నేర్చుకోవాల్సినవాళ్లు చాలా ఎక్కువైపోయారు, అంతే. నెమ్మదిగా పెరగాలని నేను పట్టుబట్టడానికి ఇదే ముఖ్య కారణం. కొత్తగా వచ్చినవాళ్లు నలుగురిని చూసి ఇక్కడ ఎలా మాట్లాడతారో గ్రహించాలంటే, చూడడానికి ఆ నలుగురు ముందు కనబడాలి.

ఇక పిలుపు సంగతి. పిలుపుల్లో రెండు రకాలున్నాయి, రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. జీమెయిల్ 2004లో ఆహ్వానాలతో మొదలై 2007లో అందరికీ తెరుచుకుంది. గొంతుతో మాట్లాడుకునే క్లబ్‌హౌస్ యాప్ 2020లో అలాగే మొదలై 2021 జులైలో ఆహ్వానాలు తీసేసింది. అక్కడ పిలుపు రద్దీని అదుపు చేయడానికి. 2012లో పెట్టిన లాబ్‌స్టర్స్ అనే ప్రోగ్రామర్ల చర్చాస్థలంలో పద్ధతి వేరు. ఎవరిని ఎవరు పిలిచారో వంశవృక్షంలా అందరికీ కనిపిస్తుంది. వచ్చినవాళ్లు అల్లరి చేస్తే పిలిచినవాళ్ల పేరు కూడా పక్కనే ఉంటుంది. ఇది పూచీ పడడం. చిన్న గ్రూపుకు కావాల్సింది ఈ రెండో రకం.

అయితే తెలిసినవాళ్ల ద్వారా చేర్చుకోవడంలో ఒక ప్రమాదం ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మన గుట్టు ఎక్కడో ఉన్న అపరిచితుడికి తెలిస్తే పెద్దగా ఒరిగేది లేదు. తోడికోడలికి తెలిస్తే కొంప మునుగుతుంది. "మా ఆడపడుచు కూడా వాళ్ల మామగారిని చూసుకుంటోంది, చేర్చండి" అని ఒకరు అడుగుతారు. కాదంటే బాగుండదు. చేర్చాక, ఆ ఆడపడుచు తరఫు బంధువు ఒకావిడ ఆరు నెలలుగా అదే గ్రూపులో ఉందని, ఆస్తి పంపకాల మీద, ఆస్పత్రి ఖర్చు ఎవరు పెట్టాలన్న దాని మీద మనసులో మాటంతా రాసుకుందని తెలుస్తుంది. తెలిసినవాళ్లే వచ్చారు, కానీ ఆవిడకు తెలిసినవాళ్లు. పరిచయం, నమ్మకం ఒకటే అనుకుంటే దెబ్బ తగిలేది ఇక్కడే.

దీనికి నాకు పనికొచ్చిన పద్ధతి చాలా మామూలుది. కొత్తవాళ్లను చేర్చేముందు, వాళ్లను అడిగి, గ్రూపులో వాళ్ల పేరు చెప్పి, "అభ్యంతరం ఉంటే నాకు విడిగా ఒక్క మాట పంపండి, కారణం చెప్పనక్కర్లేదు" అని రాసి రెండు మూడు రోజులు ఆగడం. కారణం అడక్కపోవడం ముఖ్యం. కారణం చెప్పాల్సి వస్తే అదే ఇంకో గుట్టు బయటపెట్టడం అవుతుంది. ఎవరైనా వద్దంటే చేరాలనుకున్నవాళ్లకు "ప్రస్తుతం చేర్చుకోలేకపోతున్నాం" అని మాత్రమే చెబుతాను. వాళ్లకు బాధగా ఉంటుంది, నిజమే. పిలుపు పద్ధతిలో అడ్మిన్ చేతికి వచ్చే ఈ అధికారం నాకూ టెన్షనే. అందుకే అడ్మిన్ ఒక్కరే ఉండకూడదని, ఇద్దరైనా ఉండాలని అంటాను.

రెంటికీ మధ్య దారి కూడా ఉంది. 1999లో మొదలైన మెటాఫిల్టర్ అనే చర్చా వెబ్‌సైట్ 2004 నుంచి సభ్యత్వానికి ఒక్కసారి ఐదు డాలర్లు తీసుకుంటోంది. చేరిన వెంటనే కొత్త చర్చ మొదలుపెట్టనివ్వదు, కొన్ని రోజులు ఆగాలి. ఎవరైనా రావచ్చు, కానీ ఊరికే దూరిపోలేరు. కష్టంలో ఉన్నవాళ్ల గ్రూపులో డబ్బు అడగడం నాకు నచ్చదు. ఆగమనడం మాత్రం నచ్చుతుంది. గ్రూపు ఉందన్న సంగతి బయట కనబడనిచ్చి, లింక్ ఇవ్వకుండా, చేరాలనుకునేవాళ్లు ఎవరిని చూసుకుంటున్నారో, ఏం ఆశించి వస్తున్నారో నాలుగు మాటల్లో అడ్మిన్‌కు రాయమంటే సరిపోతుంది. అర్ధరాత్రి వెతుక్కునే మనిషికి కూడా అప్పుడు ఒక దారి ఉంటుంది. రాయడానికి ఓపిక లేని అమ్మకాలవాళ్లు చాలావరకు అక్కడే ఆగిపోతారు.

అసలు పేరా, పెట్టుకున్న పేరా అన్నది దీని వెంటే వచ్చే ప్రశ్న. అసలు పేరు పెడితే బాధ్యతగా ఉంటారనే వాదనను దక్షిణ కొరియా ఏకంగా చట్టంగానే చేసి చూసింది. 2007 నుంచి పెద్ద వెబ్‌సైట్లలో రాసేవాళ్లు తాము ఎవరో రుజువు చేసుకోవాల్సి వచ్చింది. 2011లో నేట్, సైవరల్డ్ సైట్ల మీద దాడి జరిగి సుమారు 3.5 కోట్ల మంది వివరాలు దొంగల చేతికి చిక్కాయి. 2012 ఆగస్టులో ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధనను కొట్టేసింది. వివరాలు ఒకచోట పోగేస్తే, అవి పోయేదీ ఒక్కసారే. మరోవైపు, తాగుడు మానాలనుకునేవాళ్ల కోసం 1935లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాల్లో ఇంటిపేర్లు చెప్పుకోకుండానే మనుషులు తమ జీవితంలోని అతి కష్టమైన మాటలు ఎదురెదురుగా కూర్చుని చెప్పుకుంటున్నారు.

కాబట్టి నా ఓటు పెట్టుకున్న పేరుకే, ఒక షరతు మీద. ఆ పేరు రోజుకొకటి మారకూడదు. ఏడాదిగా ఒకే పేరుతో ఓపికగా జవాబులు రాస్తున్న మనిషి అసలు పేరు తెలియకపోయినా నమ్ముతాం. అసలు పేరుతో నిన్న చేరి ఇవాళ మందుల లింకులు పంచేవాళ్లను నమ్మం. అసలు వివరం అడ్మిన్‌లలో ఒకరికి తెలిస్తే చాలు, అది కూడా ఎక్కడా రాసి పెట్టుకోకుండా.

ఇలాంటి గ్రూపులో సభ్యుల జాబితాను కూడా రహస్యంగానే చూడాలి. ఫేస్‌బుక్‌లో 'క్లోజ్డ్' గ్రూపుల్లో ఏం రాసుకున్నారో బయటికి తెలియకపోయినా, ఎవరెవరు సభ్యులో బయటివాళ్లు తెలుసుకునే వీలుండేది. వారసత్వంగా రొమ్ము క్యాన్సర్ ముప్పు తెచ్చే జన్యు మార్పు ఉన్న మహిళల గ్రూపు నుంచి ఈ ఆందోళన వచ్చింది. అలాంటి గ్రూపులో పేరు కనబడిందంటే జబ్బు సంగతి చెప్పేసినట్టే. 2018లో ఫేస్‌బుక్ ఆ పద్ధతి మార్చింది.

ఇక ఏ యాప్ మేలు? చాలామంది ముందు అడిగేది ఇదే, నా దృష్టిలో చివర చూడాల్సిందీ ఇదే. వాట్సాప్ అందరి ఫోన్లలో ఉంది, 2016 నుంచి మెసేజ్‌లకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప మధ్యలో కంపెనీ కూడా చదవలేని ఏర్పాటు) ఉంది, గ్రూపులో 1024 మంది దాకా పడతారు. కానీ గ్రూపులో చేరగానే మన ఫోన్ నంబర్ అందరికీ చేరుతుంది. 2020 ఫిబ్రవరిలో అయితే బయట పంచుకున్న గ్రూపు లింకులు గూగుల్ సెర్చ్‌లో కనబడ్డాయి. టెలిగ్రామ్‌లో నంబర్ దాచుకోవచ్చు, 2 లక్షల మంది దాకా చేరవచ్చు, కానీ గ్రూపు సంభాషణలకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదు. ఆ రక్షణ ఉన్న సీక్రెట్ చాట్ ఇద్దరి మధ్యే. ఇంటి సంగతులకు నేను టెలిగ్రామ్‌ను సిఫారసు చేయను. సిగ్నల్‌లో గ్రూపు మాటలకు ఎన్‌క్రిప్షన్ ఉంది, 2024 నుంచి నంబర్ కనబడకుండా యూజర్‌నేమ్‌తో ఉండొచ్చు. మూడింటిలో అదే మేలు.

అంతమాత్రాన పని అయిపోదు. 2025 మార్చిలో అమెరికా ప్రభుత్వ పెద్దలు యెమెన్ మీద దాడుల గురించి సిగ్నల్ గ్రూపులో మాట్లాడుకుంటుంటే, పొరపాటున చేర్చిన ఒక పత్రికా సంపాదకుడు అవన్నీ చదివాడు. ఎన్‌క్రిప్షన్ తన పని తాను సరిగ్గానే చేసింది. చేరకూడని మనిషి లోపల ఉన్నాడు. స్క్రీన్‌షాట్ తీసేవాళ్లను కూడా ఏ యాప్ పూర్తిగా ఆపలేదు. మీ గ్రూపులో పెద్దవాళ్లు ఎక్కువై సిగ్నల్ వేసుకోమంటే సగంమంది జారుకునేలా ఉంటే, వాట్సాప్‌లోనే ఉండి, కొత్తవాళ్లకు అడ్మిన్ ఆమోదం తప్పనిసరి చేసి, పాత లింక్ రీసెట్ చేసి, మెసేజ్‌లు 90 రోజులకు మాయమయ్యేలా పెట్టుకోండి. పాత చర్చల్లో పనికొచ్చే సంగతులుంటే పేర్లు, ఊర్లు తీసేసి వేరే నోట్‌గా రాసి ఉంచవచ్చు. రాసేముందు ఆ మాట చెప్పినవాళ్లను అడగాలి.

నెమ్మదికీ హద్దుంది. ఏడాదంతా కొత్త మనిషి రాకపోతే గ్రూపు ఎండిపోతుంది. చూసుకుంటున్న పెద్దవాళ్లు పోయాక కొందరు వెళ్లిపోతారు, కొందరు ఉండి కూడా మాట్లాడరు. చివరికి ఆ ఐదుగురే మిగులుతారు. నాకు నెలకు ఇద్దరు ముగ్గురు సరైన వేగం అనిపిస్తుంది. వచ్చినవాళ్లు నోరు విప్పాక, వాళ్లెవరో మిగతావాళ్లకు కాస్త తెలిశాక, తర్వాతివాళ్లు. అలా పెరిగి పెరిగి ఎవరు ఏం చెప్పారో గుర్తుండని స్థాయికి వస్తే రెండో గ్రూపు పెట్టడం మేలు. పాత గ్రూపులో రెండేళ్లుగా ఉన్న ఇద్దరు దానికి అడ్మిన్‌లుగా వెళ్లాలి, ఇక్కడ రాసినవేవీ అక్కడికి వెళ్లకూడదు. అలా వెళ్లడానికి ఒప్పుకునే ఇద్దరు దొరకడమే కష్టం. దొరికేదాకా కొత్తవాళ్లను ఆపి ఉంచడానికి నేను సిద్ధమే.